భూలచ్చక్క తడికొలత

పొద్దున చాయ పొయ్యి మీద పెట్టి నిలబడ్డాను. జగిత్యాలలో మా కాలనీ మొదట్లో ఎక్కడో రంపం మోగింది. కాసేపటికి వంటింటి కిటికీలోంచి, అల్లం వాసనను పక్కకు నెట్టుకుంటూ, అప్పుడే తెగిన వేపకొమ్మ వాసన వచ్చింది. పచ్చిగా, చేదుగా, ముక్కులోకి పోయి గొంతు వెనక నిలిచిపోయే వాసన అది. పొయ్యి ఆర్పానో లేదో రెండుసార్లు చూసుకుంటే తప్ప గడప దాటని మనిషిని నేను. ఈ రోజు ఒక్కసారి కూడా చూసుకోలేదు. చెప్పులు వేసుకోవడం మరిచి, గేటు తెరిచి, రోడ్డు మీద పరుగెత్తాను. పురపాలక సంఘం బండి ఒకటి మూడిళ్ల అవతల ఆగి ఉంది. ఒక కుర్రవాడు నిచ్చెన మీద రంపం పట్టుకుని ఉన్నాడు. ఇంకొకతను కింద నిలబడి, కొలకర్ర ఎత్తి, ఏ కొమ్మ తీయాలో ఏది ఉంచాలో చూపిస్తున్నాడు. "ఆగు తమ్మీ! చెట్టు మీద నీళ్లు కొట్టు ముందల! తడిసినంక కొలువు!" అని అరిచాను. ఇద్దరూ తిరిగి చూశారు. నేనూ ఉలిక్కిపడ్డాను, ఎందుకంటే ఆ గొంతు నాది కాదు. సిరిసిల్లలో, ఎనిమిది మరమగ్గాల చప్పుడు మీదుగా మనుషులను పిలిచి పిలిచి రాటుదేలిన ఒక ఆడమనిషి గొంతు అది. ఆమె పోయి రెండు వానాకాలాలు దాటింది. ఆ గొంతు మాత్రం నాలో ఇంత భద్రంగా ఉందని నాకు ఈ పొద్దుటి దాకా తెలియదు.

ఆమె పేరు భూలక్ష్మి. గల్లీ మొత్తానికీ భూలచ్చక్క. సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు. పెద్ద యజమాని దగ్గర నూలు తెచ్చుకుని, సొంత రేకుల షెడ్డులో మనుషులను పెట్టి బట్ట నేయించి తిరిగి అప్పగించేవారిని ఆసాములంటారు. భూలచ్చక్క అలాంటి ఆసామి. భర్త ఉన్న రోజుల్లోనూ షెడ్డులో మాట ఆమెదేనని, ఆయన వచ్చిపోయే చుట్టంలా కుర్చీలో కూర్చునేవాడని గల్లీలో చెప్పుకునేవారు. ఎత్తయిన మనిషి. నడుముకు కొంగు బిగించి, చెవి వెనక ఎప్పుడూ ఒక దారపు ముక్క పెట్టుకుని తిరిగేది. నేనప్పుడు రోడ్లకూ కల్వర్టులకూ పటాలు గీసే ప్రభుత్వ ఉద్యోగంలో ఉండేదాన్ని. కోరుట్ల నుంచి సిరిసిల్లకు బదిలీ అయింది. మావారు కోరుట్లలో దుకాణం వదిలి రాలేరు కాబట్టి, వారమంతా నేను అక్కడ ఒక్కదాన్నే ఒక గది అద్దెకు తీసుకుని, శనివారం సాయంత్రం ఇల్లు చేరాలన్నది ఏర్పాటు. ఆ గది భూలచ్చక్క షెడ్డుకు ఎదురుగా ఉండేది.

నేను ఆ గల్లీలో అడుగుపెట్టిన రోజు నా డైరీలో భద్రంగా ఉంది: ఆషాఢమాసం, సోమవారం, మబ్బు. చేతిలో ట్రంకుపెట్టె, చూపు మురుగుకాలువ మీద కప్పిన బండల మీద. ఆ బండలే గల్లీకి నడకదారి. షెడ్డు ముందుకు రాగానే నా నుదురు దేనికో గట్టిగా తాకింది. తలెత్తి చూస్తే, వేపచెట్టు నుంచి నా తొడంత లావు కొమ్మ ఒకటి నడకదారిని అడ్డంగా దాటి, కాస్త పైకి లేస్తూ గల్లీ మీదుగా పోతోంది. లోపలి నుంచి సాంచాల చప్పుడును మించిన నవ్వు వినిపించింది.

"దండం పెట్టినవా బిడ్డా? మా గల్లీలకు రావాల్నంటే కలెక్టరైనా దండం పెట్టాల్సిందే. గందుకే దానికి దండాల కొమ్మ అని పేరు."

"దండం పెట్టలేదక్కా, దెబ్బ తాకింది," అన్నాను కోపంగా.

"తలకాయ కిందికుంటే దండం, మీదికుంటే దెబ్బ. ఇగ నీ ఇష్టం." అంటూనే వచ్చి, నా పెట్టె అందుకుని, నుదుటికి పసుపు పెట్టింది. ఆ పసుపు మంచిది కాదని చెప్పాను. మా పుట్టిల్లు ఇబ్రహీంపట్నం. పసుపు పండించే ఇంటి పిల్లను, ఆ ఒక్క విషయంలో మొహమాటపడను. "అబ్బో, వంకలు పెట్టే బిడ్డే దొరికింది," అని ఆమె సంబరపడింది. మర్నాడు సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే, సంచిలోంచి టేపు తీసి ఆ కొమ్మ నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచాను. ఎందుకని అడిగితే చెప్పలేను. నన్ను కొట్టినదాని ఎత్తు తెలియకుండా నాకు నిద్ర పట్టదు. షెడ్డు గడపలోంచి మళ్లీ అదే గొంతు: "ఏంది, చెట్టుకు అంగీ కుట్టిస్తవా?" ఆ రోజు నుంచి నా పేరు టేపు బిడ్డ.

ఆ గల్లీలో ప్రతి ఇంటి ముందూ ఒక చెట్టుంది. ఎవరి ముచ్చట కొద్దీ వారు నాటుకున్నారు: ఒకరిది కానుగ, ఒకరిది బాదం, ఒకరిది గుల్‌మొహర్. చెట్లు ఇళ్లలో పుట్టి గల్లీలో పెరిగాయి. నడకదారి మీద తలెత్తి నడిచే వీలు లేక జనం గల్లీ మధ్యకు దిగేవారు. మధ్యకు దిగితే ఆటోలు కేకలు వేసేవి. ఎండాకాలం నీళ్ల ట్యాంకర్ లోపలికి రాలేక మెయిన్ రోడ్డు మీదే ఆగితే, ఆడవాళ్లు బిందెలు పట్టుకుని ఆ కొస దాకా పోయేవారు. వీటన్నిటిలోనూ పెద్ద దోషి భూలచ్చక్క వేపచెట్టే. అది ఆమెకూ తెలుసు. కొమ్మ ఎందుకు తీయించవని ఒకసారి అడిగితే, నన్ను షెడ్డులోకి తీసుకువెళ్లింది. మండే మధ్యాహ్నం. చెట్టు నీడ పడుతున్న రేకు కింద నా అరచేయి పైకి పట్టించి, తర్వాత నీడ లేని మూల రేకు కింద పట్టించింది. రెండోచోట చేయి తీసేసుకున్నాను. "సమజైందా? నీడ తప్పితే నూలు ఎండుతది. ఎండిన పోగు తెగుతది. పోగు తెగితే సాంచ ఆగుతది. సాంచ ఆగితే పొయ్యి ఆగుతది. నాదొక్కదానిది కాదు, ఈడ నిలవడి నేసెటోళ్లందరిది."

మరుసటి ఏడు వినాయక చవితి ముందు వారం, వెనక గల్లీకి చెట్లు కొట్టే యంత్రం వచ్చింది. సాయంత్రానికి ఆ గల్లీలో చెట్లన్నీ భుజాల దాకా తెగిన మోడులయ్యాయి. మరునాడు పురపాలక సంఘం అధికారి ఒకాయన మా గల్లీకి వచ్చాడు. చిన్నవాడు, మర్యాదగల మనిషి. "అమ్మా, దసరా పోయినంక మీ దగ్గరికి వస్తం. గప్పటికి నీళ్ల ట్యాంకర్ ఈ కొసకెళ్లి ఆ కొసకు పోవాలె. పోతే మాకేం పంచాయితీ లేదు. పోకపోతే అడ్డమున్న చెట్టును మొదలుకు తీసుడే," అని వేపచెట్టు వైపు చూసి చెప్పాడు. ఆ సాయంత్రం భూలచ్చక్క షెడ్డు అరుగు మీద కూర్చుని వేపచెట్టునే చూసింది. చీకటి పడబోతుండగా లేచి కొంగు దులుపుకుంది. "టేపు బిడ్డా, గీ ఆదివారం నువ్వు కోరుట్ల పోకు."

నేను పోలేదు. ఆ ఆదివారం ఉదయం ఆమె వెంట ఇల్లిల్లూ తిరిగాను. ప్రతి గుమ్మం ముందూ ఒకటే మాట: "చెట్టు నీ ఇంటిదే అక్కా, కాదంటలేను. కొమ్మ గల్లీల పెరిగింది. గల్లీల పెరిగినదానికి గల్లీకి జవాబు చెప్పాలె. వాళ్లొచ్చి తలకాయ తీసేకంటె, మనమే కటింగ్ చేసుకుంటే మంచిగుండదా?" నాలుగో ఇల్లు మల్లేశం గారిది. బస్సు డ్రైవరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. ఆయన బాదంచెట్టు గొడుగు మీద గొడుగు పరిచినట్టు గల్లీ మీదికి వాలి ఉండేది. ఆయన అరుగు దిగకుండానే అన్నాడు:

"ముప్పై ఏండ్లు బస్సు నడిపిన. ఒక్క కొమ్మకు తాకియ్యలే. తాకిందంటే నడిపెటోనిది తప్పు, చెట్టుది కాదు."

"గట్లనా మల్లేశన్నా? ఇగ నీళ్ల ట్యాంకర్ నువ్వే నడుపు. మేం బిందెలు వట్టుకొని అరుగు మీద కూసుంటం."

"మాటలు కాదు భూలక్ష్మీ. ముందల నీ దండాల కొమ్మ తియ్యి. గది పన్నంక నా దగ్గరికి రా."

చుట్టూ ఉన్నవాళ్లంతా ఆమె ముఖం వైపు చూశారు. ఆ కొమ్మ మీది గుబురే షెడ్డు సగం కప్పుకు నీడ అని అందరికీ తెలుసు. ఆమె ఒక్కసారి వెనక్కి తిరిగి చెట్టును చూసింది. "తీస్త. ఇంకో ఆదివారం దాకెందుకు, గిప్పుడే తీస్త. నువ్వు చూసుడు కాదు, అచ్చి తాడు వట్టుకో," అంది.

నా జీవితంలో ఒక కొమ్మ తెగడం అంత ఉత్కంఠతో చూడలేదు. సాంచాలు బాగుచేసే రవి చెట్టెక్కాడు. కొమ్మకు రెండుచోట్ల తాడు వేయించి, ఒక కొసను మల్లేశం గారి చేతిలో పెట్టింది. కింద నిలబడి ఆమె చెప్పిన తీరు, పడుగు సరిచేయించేటప్పుడు చెప్పే తీరే. "చెట్టుకు సుత పడుగుపేకలుంటయిరా. నిలువు పోయేది పడుగు, దాన్ని ముట్టకు. గల్లీకి అడ్డం పోయేది పేక, గదే మనకు కావల్సింది. రేకుల దిక్కు పోయిన కొమ్మలు ఒక్కటి ముట్టినవంటే నీ చేతులు సాంచల పెడత." రవి రంపం పైన పెట్టబోతే అరిచింది: "కిందికెళ్లి గాటు పెట్టు ముందల! మీదికెళ్లి కోస్తే బరువుకు ఇరిగి తోలంత గుంజుకపోతది. పోగు తెంపినట్టు కాదు, బట్ట కోసినట్టు కొయ్యాలె." మొదట కింద గాటు, తర్వాత కాస్త ముందుకు జరిగి పైన కోత. కొమ్మ ఒక్క మూలుగు మూలిగి, తాళ్ల మీద ఊగుతూ, ఉయ్యాలలో పసిబిడ్డలా నేల మీదికి దిగింది. మిగిలిన ముక్కను మొదలు దగ్గరి ఉబ్బుకు తగలకుండా నున్నగా తీయించింది. గల్లీలోకి, ఎప్పుడూ పడనిచోట, ఎండ పడింది. షెడ్డు కప్పు మీద సగం నీడ పోయింది. ఆమె దాన్ని చూసింది, నేను ఆమెను చూశాను. "ఉన్న సగాన్ని కాపాడుకుందాం తియ్యి," అంది. మల్లేశం గారు తాడు చుట్టి అప్పగించి, ఇంట్లోకి పోయి, సొంత రంపంతో తిరిగొచ్చి తన బాదం కింద నిలబడ్డాడు. విచిత్రం ఏమిటంటే, కొమ్మ పోయినా ఆ చోటికి రాగానే మేమంతా చాలా రోజులు తల వంచుతూనే నడిచాం.

అయితే ఎంత ఎత్తు దాకా తీయాలి? ఇక్కడ పెద్ద గొడవే జరిగింది. మల్లేశం గారు బస్సు ఎత్తు అన్నాడు. అంత ఎత్తుకు కొడితే చెట్లకు తురాయిలు తప్ప మిగలవని కానుగచెట్టు ఇంటావిడ ఏడ్చినంత పని చేసింది. నేను ట్యాంకర్ కొలత తెలుసుకుని రావడానికి సోమవారం దాకా ఆగమన్నాను. భూలచ్చక్క చేయెత్తింది. "బస్సు మన గల్లీకి ఎన్నడన్న అచ్చిందా? బతుకమ్మ అయితే ఏడాదికోపాలి తప్పకుంట వస్తది. మా ఇంటి బతుకమ్మ ఈ గల్లీలందరికన్న ఎత్తు, నేను ఈ గల్లీల ఆడోళ్లందరికన్న ఎత్తు. నా నెత్తి మీది బతుకమ్మ తాకకుంట పోయిందంటే ట్యాంకర్ దాని తాత సుత పోతది." బతుకమ్మ పండుగ ఇంకా కొన్ని వారాలు ఉంది. తంగేడు ఇంకా పూయలేదు. దానికీ ఆమె దగ్గర ఉపాయం ఉంది. షెడ్డులోంచి పెద్ద ఇత్తడి తాంబాళం తెప్పించి, దాని మీద నూలు కోన్లను వరుస మీద వరుస పేర్చింది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. పైకి పోయేకొద్దీ సన్నగా, అచ్చం పూలు పేర్చినట్టే. కొసన పసుపు గౌరమ్మ ఉండేచోట, నూలు చుట్టని ఒక ఉత్త కండె నిలబెట్టింది. నేను టేపు పట్టి చూస్తే, నేల నుంచి కండె కొస దాకా నేను అనుకున్నదానికన్నా చాలా ఎక్కువే వచ్చింది.

ఆ దారపు బతుకమ్మను నెత్తిన పెట్టుకుని ఆమె నడకదారి మీద ఒక కొస నుంచి, గల్లీ మధ్యలో ఇంకో కొస నుంచి నడిచిన ఆ మధ్యాహ్నం ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. మల్లేశం గారు ఆమెకు ఎదురుగా వెనక్కి నడుస్తూ, బస్సును వెనక్కి తీయించే కండక్టరులా చేయి ఊపేవాడు. "రానియ్… రానియ్… లెఫ్ట్‌కు కొట్టు… రానియ్… హోల్డాన్!" కొస కండె ఏ కొమ్మకు తాకితే అక్కడ ఆగేది. నేను చాక్‌పీసుతో గుర్తు పెట్టేదాన్ని. రవి ఎక్కి కోసేవాడు. తాకని కొమ్మ జోలికి ఎవరూ పోకూడదు. పిల్లలు వెనకాల చప్పట్లు కొట్టారు. కానుగ ఇంటావిడ తన చెట్టు కింద ఆమె నడుస్తుంటే ఊపిరి బిగపట్టి, ఒక్క రెమ్మే పోతుందని తెలిశాక "నా తల్లే" అని ముఖం తుడుచుకుంది. సాయంత్రానికి గల్లీ ఈ కొస నుంచి చూస్తే ఆ కొస కనిపించింది. చెట్టుకు చెట్టు మిగిలింది, దారికి దారి వచ్చింది. కొండను తవ్వి తొవ్వ వేసినంత గర్వంగా అందరం అరుగుల మీద కూర్చుని చాయ తాగాం. ఆనాటి నా డైరీలో కొలతలన్నీ ఉన్నాయి. అవన్నీ పొడి కొలతలే. మాకెవరికీ ఆ సంగతి తట్టలేదు.

బతుకమ్మ పండుగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు, తెల్లవారి నుంచీ వాన. సాయంత్రానికి తెరిపి ఇచ్చింది. నేను ఆ పండుగకు ఆఫీసు పని వల్ల సిరిసిల్లలోనే ఉండిపోయాను. గౌరమ్మకు మా ఇంటి పసుపే కావాలని భూలచ్చక్క పట్టుబడితే, తమ్ముడితో ఇబ్రహీంపట్నం నుంచి తెప్పించి ఇచ్చాను. గల్లీ తెరిపిన పడ్డ సంబరంలో ఆమె ఆ ఏడు బతుకమ్మను మునుపటికన్నా పెద్దగా పేర్చిందేమో అని నాకు అనుమానం వచ్చి టేపు పట్టాను. అనుమానం తప్పు, సరిగ్గా కోన్లు పేర్చిన ఎత్తే. ఆమె నన్ను చూసి నవ్వింది. "నేను సుత కొలిచే పేర్చిన బిడ్డా." పట్టుచీర కట్టుకుని, తాంబాళం నెత్తికెత్తుకుని అందరికన్నా ముందు నడిచింది. వెనక గల్లీ ఆడవాళ్లంతా పాట అందుకున్నారు. బాదం దాటాం, కానుగ దాటాం. వేపచెట్టు కిందికి వచ్చేసరికి పైన ఏదో గరగరమంది. ఆమె ఆగే లోపే కొస మీది పసుపు గౌరమ్మ, గుమ్మడి పువ్వుతో సహా, వేపరెమ్మల్లో చిక్కుకుని పైనే ఉండిపోయింది.

పాట ఆగిపోయింది. వెనకెవరో "అయ్యో, గౌరమ్మ" అన్నారు. ఇంకెవరో గొంతు తగ్గించి "చెట్టును కొట్టిండ్రు గదా" అన్నారు. ఆ మాట గల్లీ అంతటా పాకింది. ఇంకో వారంలో ట్యాంకర్ వస్తుంది. బతుకమ్మే పోలేని చోట ట్యాంకర్ ఎట్లా పోతుంది? అరుగు మీది నుంచి మల్లేశం గారు నెమ్మదిగా అన్నాడు, "భూలక్ష్మీ, కొలత తప్పినట్టున్నది." ఆమె తాంబాళాన్ని నా నెత్తి మీదికి మార్చింది. మెడ నొప్పి కన్నా భయమే ఎక్కువ నాకు. ఆమె షెడ్డు అరుగెక్కి, చేయి పైకి చాచి, వేలాడుతున్న రెమ్మను పట్టుకుంది. ఆకుల్లోంచి నీళ్లు ఆమె మోచేతి దాకా కారాయి. రెమ్మను గట్టిగా దులిపింది. నీళ్లు రాలిపోగానే ఆ రెమ్మ మా కళ్లెదుటే జానెడు పైకి లేచింది.

భూలచ్చక్క పగలబడి నవ్వింది. పండుగ పూట, పట్టుచీరలో, తడిసిన ముఖంతో. "వారీ! నాకు తెలివుంటే గద! పుట్టినప్పటిసంది బట్ట తోనే బతికిన. బట్ట తడిస్తే గుంజుకొని మీదికి పోతది. కొమ్మ తడిస్తే వంగి కిందికొస్తది. పొడి చెట్టును కొలిచి తడి పండుగ చేస్తున్న! సాలెదానికి తప్ప ఇసొంటి తప్పు ఎవ్వలకు రాదు!" నవ్వు ముందు రవిని అంటుకుంది, తర్వాత మల్లేశం గారిని, ఆ తర్వాత అందరినీ. గొణిగినవాళ్ల వైపు తిరిగి అంది: "అపశకునం కాదే. చెట్టు పేక తీసిరి గని తెగినకాడ పసుపు పెట్టకపోతిరి. తల్లే దిగి పెట్టింది. గామెను ఆడనే ఉండనియ్యుండ్రి." సంచిలోంచి మా ఇంటి పసుపు తీసి, వాన నీళ్లతోనే ముద్ద చేసి, కొత్త గౌరమ్మను నిలబెట్టింది. కొమ్మలు కోద్దామని రవి రంపం కోసం కదిలాడు. "పొద్దూకినంక చెట్టును ముడతార్రా? వెదురుబొంగులు తేండ్రి." షెడ్డులోంచి, ఇళ్లలోంచి, బట్టలు ఆరేసే దండేల దగ్గరి నుంచి మగవాళ్లు బొంగులు తెచ్చి, చెట్టుకు రెండువైపులా నిలబడి తడికొమ్మలను పైకెత్తి పట్టారు. అప్పటి దాకా అరుగు దిగని మల్లేశం గారు అందరికన్నా ముందు నిలబడి, ఒక చేత్తో బొంగు పట్టి, రెండో చేయి ఊపాడు. "రానియ్… రానియ్!" పాట మళ్లీ మొదలైంది. గల్లీ బతుకమ్మలన్నీ ఆ పచ్చటి పందిరి కింద నుంచి, పూల మీద చుక్కలు రాలుతుండగా, ఒకదాని వెనక ఒకటి మానేరు వాగు వైపు సాగిపోయాయి. అంత సంతోషంగా ఓడిపోయిన మనిషిని నేను ఆ రోజుకు ముందు చూడలేదు.

దసరా మరునాటి నుంచి గల్లీలో కొత్త పని మొదలైంది. మోటారుకు గొట్టం తగిలించి, మబ్బులేని ఎండలో చెట్లకు పైనుంచి స్నానం చేయించడం. తడిసి బరువెక్కి చెట్టు ఎంత దిగుతుందో దిగనిచ్చి, అప్పుడు దారపు బతుకమ్మతో నడిచి, తాకినదాన్ని గుర్తుపెట్టి, ఆరాక కోయడం. ఒక్కో చెట్టు ఒక్కోలా దిగింది. వేపవి సన్నటి రెమ్మలు, అన్నిటికన్నా ఎక్కువ దిగింది. కానుగ గర్విష్ఠి, కొంచెమే వంగింది. భూలచ్చక్క దానికి తడికొలత అని పేరు పెట్టింది. వారం తిరిగేసరికి అధికారి, వెనక ట్యాంకర్, దాని వెనక యంత్రం వచ్చాయి. గల్లీలో ఆడవాళ్లు చెట్లకు నీళ్లు కొడుతుండటం చూసి ఆయన నిలబడిపోయాడు.

"ఏం చేస్తున్నరమ్మా?"

"పరీక్ష నీకు అల్కగ పెడితే మేం పాసైనట్టెట్లయితది సారూ? తడిసిన చెట్టు కిందికెళ్లి పోనియ్యి నీ బండి."

ట్యాంకర్ కదిలింది. మల్లేశం గారు దాని ముందు వెనక్కి నడిచాడు. బాదం, కానుగ, గుల్‌మొహర్ దాటింది. వేపచెట్టు కిందికి వచ్చాక భూలచ్చక్క కళ్లు మూసుకుంది. నా చేయిని ఆమె ఎంత గట్టిగా పట్టుకుందంటే, నా గాజు ఒకటి విరిగిన సంగతి తర్వాత తెలిసింది. గరగర వినిపించలేదు. ట్యాంకర్ కప్పుకూ తడిసిన రెమ్మలకూ మధ్య నుంచి ఆకాశం కనిపించింది. ఆ పైన, కోయకుండా తాడుతో పైకి కట్టిన రెమ్మ మీద, ఎండిపోయి బెరడుకు అతుక్కుపోయిన పసుపు ముద్ద ఇంకా ఉంది. అధికారి తలెత్తి దాన్ని చూశాడు, షెడ్డు రేకుల మీది నీడను చూశాడు, యంత్రం వాడిని వెనక్కి తిప్పుకొమ్మని సైగ చేశాడు. పోతూ పోతూ, "నీళ్లు కొట్టాల్నని ఎవలు చెప్పిండ్రమ్మా?" అని అడిగాడు. "బతుకమ్మ చెప్పింది," అంది భూలచ్చక్క. అది పరిహాసం కాదు, ఉన్న మాటే.

ఆ గల్లీలో మూడేళ్లు ఉన్నాను. కల్వర్టు పటం గీసే ముందు, ఎండాకాలంలో కొలిచిన వాగును వానల్లో ఇంకోసారి పోయి చూడటం అక్కడి నుంచి మొదలైంది. ఆఫీసులో కింది ఉద్యోగి ఎవరైనా పని చెడగొడితే, ఆ మనిషి మీద ఆ వారం ఏ బరువు పడిందో తెలుసుకోకుండా మాట తూలకపోవడం కూడా అక్కడిదే. మనుషులను పొడిగా ఉన్న రోజు కొలిచి, తడిసిన రోజు తప్పుపడతామని నాకు ఎవరూ చదివించి చెప్పలేదు. జగిత్యాలకు బదిలీ అయినప్పుడు ఆమె ఆ ఇత్తడి తాంబాళం నా చేతిలో పెట్టింది. "టేపు మర్చిపోయినా సరే, గిది మర్చిపోకు." ఆమె పోయిన నాడు సిరిసిల్లలో జోరువాన. బండి మీద, పూల మధ్య, ఆమె వేపచెట్టు కింది నుంచే వెళ్లింది. మాకందరికీ తెలియకుండానే కళ్లు పైకి పోయాయి. ఒక్క రెమ్మ కూడా ఆమెను తాకలేదు. మల్లేశం గారు, బండి ముందు, చేయి ఊపబోయి ఆపుకున్నాడు.

ఈ పొద్దున కుర్రవాళ్లు నవ్వుతూనే పక్కింటి గొట్టం అందుకుని చెట్టు మీద నీళ్లు కొట్టారు. కొమ్మ దిగింది. "అబ్బ, గింత దిగిందేంది మేడం!" అని నిచ్చెన మీది కుర్రవాడు నోరు తెరిచాడు. కొలకర్ర ఉన్నతను ఏ ఎత్తుకు చూడాలని అడిగాడు. నేను ఇంట్లోకి పరుగెత్తాను. చాయ పొంగి పొయ్యంతా పారింది. ఆర్పేసి, తాంబాళం దించి, దాని మీద పప్పు డబ్బాలు పెద్దవి కిందా చిన్నవి పైనా పేర్చి, కొసన పసుపు డబ్బా నిలబెట్టి, నెత్తికెత్తుకుని రోడ్డు మీదికి వచ్చాను. ఈ వయసులో, నైటీ మీద చున్నీతో, డబ్బాల బతుకమ్మతో. కాలనీ మొత్తం గేట్ల దగ్గరికి వచ్చింది. కొలకర్ర కుర్రవాడు ఒక్క క్షణం చూసి, కర్ర పక్కన పడేసి, ఎవరూ నేర్పకుండానే నాకు ఎదురుగా వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. "రానియ్ మేడం… రానియ్… రానియ్…"

వేప కిందికి వచ్చాక పాత అలవాటు మెడను కిందికి లాగింది. వంచలేదు. పైనుంచి ఒక చుక్క వచ్చి నుదుటి మీద, ఆనాడు దెబ్బ తాకిన చోటే పడింది. తాకింది అదొక్కటే.